ల్యాప్‌టాప్‌తో వచ్చిన డిస్కే ఉంచాలా, బయట ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కు) కొని వేయించాలా?

రమణ_డీటీపీ
అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ షాపు నాది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తుంటాను. పనంతా 2018లో కొన్న ల్యాప్‌టాప్ మీదే. ఐ5 8250యు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. పొద్దున్నే స్విచ్ నొక్కి, షాపు ఊడ్చి, అగరుబత్తి వెలిగించి వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. విండోస్ 11కి మార్చాక మరీ అన్యాయం. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ తెరుచుకుని అను తెలుగు ఫాంట్లు వచ్చేసరికి కస్టమరు టీ తాగి వస్తానంటాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "ఎస్‌ఎస్‌డీ వేస్తే బాగుపడుతుంది, కానీ మా కంపెనీ ఒరిజినల్ పార్టే వేయాలి, బయటది వేస్తే బోర్డు పోతుంది" అన్నారు. వాళ్ళు చెప్పిన రేటు బజారు రేటుకి రెట్టింపు పైమాటే. మా మేనల్లుడేమో "మామయ్యా, బయట కొందాం, నేనే వేస్తా" అంటున్నాడు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, బండి ఆగితే కష్టం. ఎవరి మాట వినను?

సీటీసీ_సాయి
రమణన్నా, నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల పదకొండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. ముందుగాల టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ ఎంత చూపిస్తుందో చెప్పు. ఏం పని చెయ్యకున్నా 100 శాతం కాడ కూసుంటే రోగం తెలిసినట్టే.

ఇగ "కంపెనీ ఒరిజినల్" అనే మాట ఇని నవ్వొచ్చింది. ల్యాప్‌టాప్ అమ్మేటోళ్ళల్ల శానామంది డిస్కులు తయారు చెయ్యరన్నా. శాంసంగ్, మైక్రాన్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా, శాన్‌డిస్క్ లాంటి ఐదారుగురి దగ్గర కొని బిగిస్తరు. అదే మోడల్ ల్యాప్‌టాప్ రెండు పీసులు ఒక్కనాడు ఇప్పి చూస్తే ఒకదాంట్ల ఒకరి డిస్కు, ఇంకోదాంట్ల ఇంకొకరిది ఉంటది. నేను చూసిన. బోర్డు పోవుడు గీవుడు ఏం లేదు. సైజు, కనెక్టరు సరిపోతే సాలు.

పాలిటెక్నిక్_మాస్టారు
సాయీ, అంత తేలిగ్గా కొట్టిపారేయకు. కంపెనీ వాడు ఒక డిస్కును ఎంచుకుంటే వేడి, బ్యాటరీ, నిద్రలోకి వెళ్ళి లేవడం అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే పరీక్షించి బిగిస్తాడు. బయట కొన్నదానికి ఆ పరీక్ష ఎవరు చేశారు?

రమణగారి బాధ మాత్రం లెక్కతో చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, 5.5 మిల్లీసెకన్లు. ముల్లు ఆ గాడి దాకా జరగడానికి ఇంకో 12 వేసుకోండి. సెకనుకు అరవైకి మించి ముక్కలు అందించలేదు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్ళు అడుగుతుంది. అరవై ఇళ్ళు తిరిగే పాలవాడికి ఆరువేల ఇళ్ళు అప్పజెబితే ఏమవుతుంది? ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు కాబట్టి సెకనుకు వేల ముక్కలు అందిస్తుంది. ప్రాసెసరు తప్పేం లేదిందులో.

రమణ_డీటీపీ
మాస్టారూ, పాలవాడి లెక్క మా ఆవిడకి కూడా అర్థమైంది. సాయి తమ్ముడూ, డిస్కు 100 దగ్గరే ఉంది, పావుగంట దాకా దిగలేదు. డివైస్ మేనేజర్‌లో ఉన్న మోడల్ నంబరు ఇక్కడ డిస్కుల సంగతి బాగా తెలిసిన లక్ష్మిగారికి మెసేజ్ పెట్టాను.

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
చూశానండీ. నేను బెంగళూరులో స్టోరేజీ మీదే పనిచేస్తాను, కొంచెం పొడుగ్గా చెబుతాను, ఏమనుకోకండి.

మీది ఎస్‌ఎంఆర్ రకం డిస్కు. పెంకుటింటి కప్పు చూశారుగా, ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు వస్తుంది. ఇందులో గాళ్ళు అలాగే ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. సన్నటి డిస్కులో 1 టీబీ పట్టించడానికి చేసిన ఏర్పాటు. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవన్నీ తీసి మళ్ళీ పేర్చాలి. అందుకే అప్‌డేట్ వచ్చిన రోజు మీ ల్యాప్‌టాప్ పూర్తిగా పడకేస్తుంది. డిస్కు పాడైందని కాదు, దాని పుట్టుకే అంత. కొనేటప్పుడు డబ్బా మీద "1 టీబీ" అని ఉంటుంది కానీ ఈ సంగతి ఉండదు. ఫ్యాక్టరీ డిస్కుల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఏది వేశారో చెప్పరు. స్పెసిఫికేషన్‌లో "512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు (ఎన్‌వీఎంఈ అంటే ఎస్‌ఎస్‌డీల్లో వేగమైన రకం). టీఎల్‌సీనా క్యూఎల్‌సీనా (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేదా, నాలుగు దాచేదా), లెక్కలు పెట్టుకోవడానికి సొంత డీర్యామ్ మెమరీ ఉందా లేక మీ ర్యామ్‌లోంచి కొంత అప్పు తీసుకుంటుందా, ఏదీ తెలియదు.

అలాగని ఫ్యాక్టరీవి అన్నీ నాసిరకం కావు. శాంసంగ్ పీఎం9ఏ1 ల్యాప్‌టాప్ కంపెనీలకు ఇచ్చే సరుకు. బయట అమ్మే 980 ప్రోకి అది సొంత అన్నదమ్ముడే, డిస్కును నడిపే చిప్పు, అదే కంట్రోలర్, కూడా ఒకటే. అంతకుముందు పీఎం981, 970 ఈవో కూడా అంతే. తేడా ఫర్మ్‌వేర్‌లోనూ (డిస్కు లోపల నడిచే సాఫ్ట్‌వేర్), పూచీలోనూ ఉంటుంది. బయట కొన్నదానికి తయారీదారే మూడేళ్ళో ఐదేళ్ళో వారంటీ ఇస్తాడు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నేరుగా వాళ్ళ సైట్‌లో దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చినదానికి ల్యాప్‌టాప్ వారంటీయే దిక్కు. అది ఏడాదితో పోతే ఇదీ పోయినట్టే. తయారీదారును అడిగితే "మీ ల్యాప్‌టాప్ కంపెనీని అడగండి" అంటాడు.

ఫర్మ్‌వేర్ చిన్న విషయం అనుకోకండి. 2019 నవంబరులో హెచ్‌పీఈ తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. సరిగ్గా 32,768 గంటలు నడిచాక అవి చచ్చిపోతాయి, డేటా కూడా తిరిగి రాదు, వెంటనే ఫర్మ్‌వేర్ మార్చుకోమని. 2ను 15 సార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. గంటలు లెక్కపెట్టే గడిలో ఆ అంకె పట్టలేదు, అంతే కథ. 3 సంవత్సరాల 270 రోజులు బాగా నడిచి 271వ రోజున పోయే డిస్కును ఏ ఫ్యాక్టరీ పరీక్ష పట్టుకుంటుంది మాస్టారూ?

పాలిటెక్నిక్_మాస్టారు
అమ్మా లక్ష్మీ, పట్టుకోదు, ఒప్పుకున్నా. కానీ దాని ఫర్మ్‌వేర్ మార్చే బాధ్యత ఆ కంపెనీ నెత్తిన ఉంది కాబట్టే హెచ్చరిక వచ్చింది. రమణగారు బజారులో కొన్నదానికి హెచ్చరిక ఎవరు పంపుతారు?

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
ఆ మాట నిజమే. ఎవరూ పంపరు. ఆర్నెల్లకోసారి తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తెరిచి మనమే చూసుకోవాలి. బ్యాటరీ విషయంలోనూ మీ మాటలో బలముంది. సన్నటి ల్యాప్‌టాప్‌లో వేగం ఎక్కువని చూసి డిస్కు వేయిస్తే కొన్ని చోట్ల వేడెక్కుతుంది, మూత మూసి పెట్టినా ఛార్జింగ్ తరుగుతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌కి నేనైతే వేగం అంకె చూడను, తక్కువ కరెంటు తాగేది చూస్తాను.

అమీర్‌పేట_కుర్రాడు
మధ్యలో దూరుతున్నా, సారీ. నాది కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్, 512 జీబీ ఎన్‌వీఎంఈ వచ్చింది. వేగం కొలిచే బెంచ్‌మార్క్ పెడితే సెకనుకు 3,400 ఎంబీ చూపిస్తోంది. 7,000 వచ్చే జెన్4 (జెన్3 తర్వాతి తరం) వేస్తే గేమ్స్ రెట్టింపు స్పీడ్‌లో లోడ్ అవుతాయి కదా? పాతది అమ్మేద్దామనుకుంటున్నా.

సీటీసీ_సాయి
కావు తమ్మీ. గిదే చెప్పి దినాం ఇద్దరు ముగ్గురిని ఎనకకు పంపుతున్న, ఓనరు తిడుతుండు. 3,400, 7,000 అనేవి ఒక్కటే పెద్ద ఫైలును కాపీ కొట్టేటప్పటి అంకెలు. ఆట లోడ్ అయ్యేటప్పుడు ప్రాసెసర్‌కి వేరే పనులు మస్తుగుంటయి. నీకు దొరికేది ఒకటి రెండు సెకండ్లు. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ఎస్‌ఎస్‌డీ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే రాదు.

నీ బాధ జాగదైతే చెప్పు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లల్ల శానావాటికి రెండో స్లాట్ ఖాళీగ ఉంటది. పాతది అమ్ముడెందుకు, ఉండనియ్. రెండో దాంట్ల 1 టీబీ వేస్కో.

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
సాయిగారు చెప్పిందే. కొనేముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని చూడు తమ్ముడూ. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ వాళ్ళ సైట్లలో ఉచితంగా పెడతాయి. స్లాటు జెన్3 అయితే జెన్4 డిస్కు జెన్3 వేగంతోనే నడుస్తుంది. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. కొన్ని స్లాట్లలో 2242 మాత్రమే పడుతుంది. రెండు వైపులా చిప్పులున్న డిస్కు కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో మూత పట్టనివ్వదు.

డల్లాస్_గోదారి
మీరంతా స్క్రూ విప్పగలిగే అదృష్టవంతులు. నా మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2, 256 జీబీ. చిప్పు బోర్డుకే అతికించి ఉంది, మార్చే దారే లేదు. అంతకుముందు వచ్చిన ఎం1లో 256ను రెండు చిప్పులుగా పెట్టారు, ఎం2 వచ్చిన కొత్తలో ఒకే చిప్పు. రెండు చేతులతో తోడేదాన్ని ఒక చేత్తో తోడినట్టు. చదివే వేగం దాదాపు సగానికి పడిపోయిందని 2022లోనే అందరూ కొలిచి చూపించారు. నేను చూడకుండా కొన్నాను. ఇప్పుడు ఫొటోలకి పక్కన ఒక బయటి ఎస్‌ఎస్‌డీ తాడుతో వేలాడుతూ ఉంటుంది, మేక మెడలో గంటలాగా.

మా అన్నయ్య కూతురికి కాకినాడలో చవక ల్యాప్‌టాప్ కొన్నారు, అది 64 జీబీ ఈఎంఎంసీ, చవక ల్యాప్‌టాప్‌లలో పెట్టే నెమ్మది రకం చిప్పు. అదీ అతికించిందే. విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలడం లేదు. అలాంటివి అసలు కొనకండి బాబోయ్.

రమణ_డీటీపీ
మేనల్లుడు అడుగు మూత విప్పి చూశాడు. హార్డ్ డిస్కు పక్కన ఎం.2 స్లాటు, సన్నటి పలక లాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు, ఖాళీగా ఉంది! ఏడేళ్ళుగా నా ఒళ్ళోనే ఉన్నా నాకు తెలియలేదు. మాన్యువల్‌లో 2280 పొడవు, సాటా (పాత, నెమ్మది రకం), ఎన్‌వీఎంఈ రెండూ పడతాయని ఉంది. మూడు అనుమానాలు.

అను, పేజ్‌మేకర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే కొత్తదాంట్లోకి రావాలి. అవి ఎక్కించిన అబ్బాయి ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. విండోస్ మళ్ళీ కొనాలా? ఎస్‌ఎస్‌డీలకి రాతలు ఇన్నే అని గడువుంటుందట, నిజమేనా?

సీటీసీ_సాయి
విండోస్ కొనే పనిలేదన్నా. విండోస్ 8 కాడికెళ్ళి ల్యాప్‌టాప్‌తోని వచ్చే విండోస్ తాళం బోర్డుల చిప్పులనే రాసి ఉంటది. డిస్కు మార్చినా గుర్తు పడ్తది.

ఉన్నది ఉన్నట్టు రావాల్నంటే క్లోన్ చెయ్యాలె, అంటే పాత డిస్కును అచ్చం అట్లనే కొత్తదాంట్లకు దించాలె. మంచి బ్రాండుది కొంటే వాళ్ళ సైట్‌లనే క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగ ఇస్తరు. 1 టీబీ నుంచి 500కి రావాల్నంటే నువ్వు వాడిన జాగ 500 కంటే తక్కువుండాలె. ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) ఆన్ ఉందో లేదో చూస్కో. ఉంటే ఆపి చెయ్యి. లేకుంటే 48 అంకెల తాళం అడుగుతది, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవ్వరికీ యాదికి ఉండది. మా కౌంటర్ కాడ ఏడ్చినోళ్ళను చూసిన.

బిల్లు లేకుండా కొనకు. 2 టీబీ పదిహేను వందలకే అని ఆన్‌లైన్‌ల కనపడితే అది ఉత్త డబ్బా. లోపల 64 జీబీ కార్డు పెట్టి 2 టీబీ అని అబద్ధం చెప్పిస్తరు. నిండేదాకా మంచిగనే ఉంటది, నిండినంక పాత ఫైళ్ళ మీదనే రాసుకుంట పోతది.

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
మూడో అనుమానానికి లెక్క వేద్దాం. 970 ఈవో ప్లస్ 500 జీబీకి వారంటీ ఐదేళ్ళు లేదా 300 టీబీ రాతలు. మీరు రోజుకి 20 జీబీ రాసినా, శుభలేఖలకి అంత కూడా కాదు, ఏడాదికి 7.3 టీబీ. 300 రాయడానికి నలభై ఏళ్ళు పైనే పడుతుంది. అప్పటికి మీ మనవడి శుభలేఖ కూడా అచ్చయిపోతుంది. క్యూఎల్‌సీ రకానికి ఈ అంకె తక్కువ ఉంటుంది, క్రూషియల్ పీ3 1 టీబీకి 220. అయినా మీకు సరిపోతుంది. కాకపోతే క్యూఎల్‌సీలో ఒకేసారి వంద జీబీలు పోస్తే మధ్యలో వేగం హార్డ్ డిస్కు స్థాయికి పడిపోవచ్చు. మీ పనిలో ఆ ఇబ్బంది రాదు, వీడియోలు చేసేవాళ్ళు చూసుకోవాలి.

పాలిటెక్నిక్_మాస్టారు
మా పాలిటెక్నిక్‌లో పాతకాలపు 286 కంప్యూటరుకి 40 ఎంబీ డిస్కు ఉండేది. దాన్ని కూడా "ఒరిజినల్ పార్ట్" అనే మార్చారు, ఆర్నెల్లకి పోయింది. ఎందుకు గుర్తొచ్చిందో. రమణగారూ, వేయించండి. కానీ పాతది తీసేయకండి, పక్కనే ఉండనివ్వండి, ఫైళ్ళకి పనికొస్తుంది.

*(తొమ్మిది రోజుల తర్వాత)*

రమణ_డీటీపీ
పెద్ద నిరాశండీ. 500 జీబీ ఎన్‌వీఎంఈ బిల్లుతోనే కొన్నాం, క్లోన్ కూడా అయ్యింది, "విజయవంతం" అని చూపించింది. రెండు రోజులుగా పని చేస్తున్నాను, పిసరంత తేడా లేదు. అదే చక్రం, అదే టీ. సర్వీస్ సెంటర్ వాడు "చెప్పానా" అంటాడేమోనని ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాను.

పాలిటెక్నిక్_మాస్టారు
నేను మొదటే అన్నాను, పరీక్షించనిది వేస్తే ఇలాగే ఉంటుందని.

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
మాస్టారూ, తొందరపడకండి. రమణగారూ, టాస్క్ మేనేజర్‌లో రెండు డిస్కులు కనిపిస్తాయి. వాటిలో దేని పక్కన సీ అక్షరం ఉంది?

రమణ_డీటీపీ
"హెచ్‌డీడీ" అని ఉన్నదాని పక్కన.

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
అనుకున్నా. హెచ్‌డీడీ అంటే మీ పాత హార్డ్ డిస్కు. కొత్త డిస్కు తప్పేం లేదు, అది రెండు రోజులుగా ఖాళీగా కూర్చుని ఉంది. పాత డిస్కూ లోపలే ఉంది, రెండింట్లోనూ విండోస్ ఉంది. బయాస్, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రాము, అలవాటు కొద్దీ పాతదాన్నే లేపుతోంది. బయాస్‌లోకి వెళ్తే బూట్ వరసలో "విండోస్ బూట్ మేనేజర్" అని రెండు సార్లు కనిపిస్తుంది, ఎస్‌ఎస్‌డీ పేరున్నదాన్ని పైకి జరపండి. అంతకంటే నమ్మకమైన పని, కొన్నాళ్ళు పాతదాన్ని తీసి పక్కన పెట్టండి. ఈ రెండు రోజుల పని పాతదాంట్లోనే సేవ్ అయ్యి ఉంటుంది, ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మరిచిపోకండి.

సీటీసీ_సాయి
మాస్టారూ, పాతది లోపలనే ఉంచమన్న సలహా ఎవరిదో మరి.

పాలిటెక్నిక్_మాస్టారు
నాదే. ఒప్పుకుంటున్నాను. సాయీ, నీ కౌంటర్‌కి వచ్చినప్పుడు టీ నా ఖర్చు.

రమణ_డీటీపీ
అయ్యిందండీ! పాతది తీసేశాం. స్విచ్ నొక్కిన ఇరవై సెకన్లలోపు డెస్క్‌టాప్. పేజ్‌మేకర్ ఇలా నొక్కితే అలా వచ్చింది. మొదట నమ్మక మూడుసార్లు ఆపి లేపాను, మా ఆవిడ "అగరుబత్తి ఎప్పుడు వెలిగిస్తారు ఇక?" అంది. రెండు రోజుల్లో చేసిన నాలుగు శుభలేఖలు, ఒక షాపు ప్రారంభోత్సవం కరపత్రం పాతదాంట్లోంచి తెచ్చుకున్నాం.

పాత డిస్కుని మేనల్లుడు చిన్న డబ్బాలో పెట్టి యూఎస్‌బీ తగిలించాడు. 2009 నుంచి చేసిన కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. బీరువాలో పెట్టొచ్చా?

లక్ష్మీ_ఫర్మ్‌వేర్
హార్డ్ డిస్కును పెట్టొచ్చండీ, అదే మంచిది కూడా. ఎస్‌ఎస్‌డీని మాత్రం బీరువాలో పడేసి ఏళ్ళ తరబడి మరిచిపోకూడదు. బాగా వాడి అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర కనీసం ఏడాది డేటా నిలపాలన్నది మెమరీ చిప్పుల ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం. మన గుంటూరు ఎండలకి ఆ 30 ఎక్కడ సరిపోతుంది. ఆ కార్డుల కాపీ ఇంకొకటి మరో చోట కూడా పెట్టుకోండి, ఎంతైనా ఏడేళ్ళ ముసలి డిస్కు.

అమీర్‌పేట_కుర్రాడు
సాయన్నా, నువ్వు చెప్పినట్టే పాతది ఉంచి రెండో స్లాట్‌కి 1 టీబీ కొన్నా. స్లాట్ ఉంది కానీ బిగించే స్క్రూ లేదు. డిస్కు చివర పైకి లేచి నిలబడుతోంది. ఇంట్లో ఉన్న స్క్రూ ఏదైనా వేసెయ్యనా?

సీటీసీ_సాయి
ఆగు ఆగు, ఏది పడితే అది వెయ్యకు. లేచి నిలబడుడు మామూలే, ఒత్తి స్క్రూ పెట్టాలె. ల్యాప్‌టాప్ డబ్బాల చిన్న కవర్ ఉంటది, అండ్ల చూడు. లేకుంటే మొబైల్ రిపేర్ షాపుల ఎం.2 స్క్రూ అని అడుగు, రెండు మిల్లీమీటర్ల మందం, మూడు పొడుగు. పొడుగ్గ ఉన్నది వేస్తే అవతల బోర్డుకు తగుల్తది. విప్పే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకినవా లేదా?

అమీర్‌పేట_కుర్రాడు
...ఇప్పుడు పీకుతున్నా.